అంచుల్లో నాలుగు వందల పన్నెండు

రెండో విడత చుక్కలు కూడా పడ్డాయి. చెంప మీదికి జారిన మందును దూదితో ఒత్తి, "కళ్లు మూసుకునే ఉండండి, పది నిమిషాల్లో మళ్లీ వస్తాను, ఈలోగా ఫోన్ చూశారో నేనూరుకోను" అని నర్సు బెదిరించి పోయింది. ఫోన్ చూడకపోతే ఎలా, ఐదింటికి పట్టికకు తాళం పడుతుంటే? కంటి మూలల్లో మెరుపులు కనిపిస్తున్నాయని చెప్పుకున్న పాపానికి డాక్టరు ఈ తేదీ రాసిచ్చాడు, రెండు నెలల కిందట. అది సరిగ్గా ఆరేళ్ల పని ముగిసే పూటే అవుతుందని అప్పుడెవరికి తెలుసు. వాయిదా వేసుకుందామంటే వదిన ఒప్పుకోలేదు. వదినంటే మొగుడి అక్క, ముప్పై ఏళ్లు బడిలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి, ఆవిడ ఒకసారి కాదంటే కాదే. "ఆకాశం ఎక్కడికీ పోదు, కళ్లు పోతే మళ్లీ రావు" అని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది, ఇప్పుడు పక్క కుర్చీలో బిస్కెట్ల పొట్లం విప్పుతూ చప్పుడు చేస్తోంది. కళ్లు మూసుకున్నా చీకటేమీ పడలేదు, రెప్పల వెనక ఎర్రటి వెలుతురు, అందులో ఈదే నలకలు, ఒక్కొక్క నలకకీ చుట్టూ అలికినట్టు మసక. గెలాక్సీలూ ఇంతే కదా, అనుకుంది. అనుకుని, అబ్బ, ఇక్కడా అదే గోలా అని తనను తానే విసుక్కుంది.

ఆఫీసులో ఆమెను అతుకులమ్మ అంటారు. మొదట్లో చాటుగా అనేవారు, తర్వాత ముఖం మీదే, ఇప్పుడు బయటి ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు కూడా "అతుకులమ్మగారంటే మీరేనా" అని గౌరవంగా అడుగుతారు. చేసే పని అదే మరి. ఆకాశాన్ని నలుగురు నాలుగు రకాలుగా కొలిచి నాలుగు జాబితాలు రాసుకున్నారు, వాటిని అతికి ఒక్క పట్టిక చెయ్యాలి, రెండు లక్షల గెలాక్సీలతో. చెప్పడానికి ఒక్క ముక్క. నాలుగు సర్వేలూ నలుగురు తోటికోడళ్లు, ఒకరి పద్ధతి ఒకరికి గిట్టదు. ఒకావిడ గెలాక్సీ చుట్టూ చిన్న వలయం గీసి అందులో పడ్డ వెలుగే లెక్క అంటుంది; ఇంకొకావిడ గిన్నెలోదే కాదు, పొంగి పొయ్యి మీద పడినదీ కలుపుతుంది. ఒక జాబితాలో నాణ్యత ఒకటి అంటే మేలైనది, పక్కదాంట్లో ఒకటి అంటే పారెయ్యమని. కొలవడం కుదరని చోట ఒకరు తొంభై తొమ్మిదని రాస్తారు, తెలియదని దానర్థం, అది తెలియక సగటు కట్టి ఒక కుర్రాడు ఆర్నెల్లు అబద్ధపు గెలాక్సీల వెంట తిరిగాడు. అసలు వెలుగు కొలతే తలకిందుల కొలత, అంకె పెరిగితే వెలుగు తగ్గినట్టు. పెళ్లైన కొత్తలో ఇది విని వదిన రెండు రోజులు నవ్వింది. ఇక రెడ్‌షిఫ్ట్ ఇంకో కథ: గెలాక్సీ దూరమైన కొద్దీ దాని కాంతి సాగి ఎరుపు వైపు జరుగుతుంది, ఎంత జరిగిందో కొలిస్తే ఎంత దూరమో తెలుస్తుంది, ఆ జరుగుడు ఒక యంత్రం కొలుస్తుంది, వెలుగు ఇంకో యంత్రం. రెండూ ఒకే గెలాక్సీవేనని తేల్చి పక్కపక్కన కూర్చోబెట్టాలి, పెళ్లిచూపుల్లాగా, తప్పు పిల్లను తప్పు పిల్లాడికి కట్టబెట్టకుండా. దూరం తెలిసి వెలుగు తెలియకపోతే ఆ గెలాక్సీ ఎందుకూ కొరగాదు. వెలుగు తెలిసి దూరం తెలియకపోయినా అంతే. రెండూ కలిసినప్పుడు మాత్రం అది పెద్దదో చిన్నదో, ముసలిదో పడుచుదో గడగడా చెప్పేస్తుంది. ఆ గడగడ వినడం కోసమే ఆరేళ్లు తోటికోడళ్ల తగువులు తీర్చింది, తీర్చడం ఇష్టమైపోయింది కూడా, ఎవరి చాదస్తం వెనకైనా ఒక కారణముంటుందని, ఆ కారణం కనిపెట్టినప్పుడు కోపం పోయి ముచ్చటేస్తుందని తెలిశాక.

ఒక్కరి కారణమే దొరకలేదు. ఆ నలుగురిలోనూ పెద్దావిడ, అన్నిటికన్నా పాత సర్వే, యంత్రాలు రాకముందు గాజు ఫలకాల మీద తీసిన ఆకాశం. వాటిని కొలిచింది ఒకే ఒక్క మనిషి, భూతద్దం మేడమ్. ఆ గది ఇప్పటికీ రెప్పల వెనక ఉన్నదున్నట్టు కనిపిస్తుంది: కింద నుంచి దీపం వెలిగే బల్ల, దాని మీద పలక అంత ఫలకం, తెల్లటి గాజు మీద నల్లటి చుక్కలు, ఎందుకంటే ఫలకంలో ఆకాశం తెలుపు, నక్షత్రం నలుపు. మేడమ్ గడ్డం బల్ల అంచుకి ఆనించి, ఒక కన్ను భూతద్దానికి పెట్టి, రెండో కన్ను తెరిచే ఉంచేది, మూస్తే అలసిపోతుందట. ఒక్కొక్క గెలాక్సీని మూడుసార్లు కొలిచేది, మూడు వేర్వేరు రోజుల్లో, నిన్నటి పేజీ మీద అట్ట కప్పి, నిన్నటి అంకె తెలిస్తే చెయ్యి దానివైపే మొగ్గుతుందని. చెరిపేది కాదు, తప్పనుకుంటే ఒక్క గీత కొట్టి పక్కన రాసేది, కొట్టేసింది కూడా కనపడాలి. అంకెల పక్కన ఖాళీలో పొడి పొడి మాటలు: "బయట లారీ, బల్ల కదిలింది." "ఇది నక్షత్రమే, గెలాక్సీ కాదు, నిన్న మోసపోయాను." ఒక పేజీ పైన, "ఇవాళ జ్వరం, ఈ పేజీ నమ్మొద్దు" అని. ఈ పేజీ నమ్మొద్దు! కోట్లు పోసి కట్టిన యంత్రం ఏదైనా, ఎన్నడైనా ఇంత మాట అన్నదా? జ్వరం వచ్చిన యంత్రం కూడా రెండు దశాంశాలు వేసి దర్జాగా అంకె ఇచ్చేస్తుంది. ఇట్లా పంతొమ్మిది వందల గెలాక్సీలు, తొమ్మిదేళ్లు. తలుచుకుంటే ఇప్పటికీ అతుకులమ్మకు ఒళ్లు ఝల్లుమంటుంది, ఇట్లాంటి మనిషి పక్కన తాను కూర్చున్నానా అని.

కూర్చుంది, పంతొమ్మిదేళ్లప్పుడు, కాలేజీ సెలవుల్లో. మేడమ్ నోటు పుస్తకాలు కంప్యూటర్లోకి ఎక్కించడం ఆమె బతుకులో మొట్టమొదటి ఉద్యోగం. మొదటి పుస్తకం ఎక్కించినప్పుడు మేడమ్ ప్రతి పదో వరసా పోల్చి చూసింది, ఒక్క తప్పు దొరకలేదు. "నీ చేతికి నమ్మకం కుదిరింది, రెండోది చూడనక్కర్లేదు" అంది. ఆ మాటకు ఆ రోజంతా నేల మీద కాలు నిలవలేదు. రెండో పుస్తకం చిన్నది, అంచు సవరణలది. ఫలకం నడిమధ్యన పడ్డ వెలుగు నిండుగా పడుతుంది, అంచుల్లో కొంచెం తగ్గుతుంది. ఎంత తగ్గిందో లెక్కగట్టి ఆ మేరకు అంకె సవరించాలి, అందుకు మేడమ్ సొంతంగా ఒక పద్ధతి కనిపెట్టింది. ఆ సవరణలు పడ్డవి నాలుగు వందల పన్నెండు గెలాక్సీలు. ఆ తర్వాత ఏడాది కొత్త సర్వే వచ్చింది, పోల్చారు. నడిమివన్నీ గీత గీసినట్టు కలిశాయి. అంచువి మాత్రం ఎక్కడికో పోయాయి, ఉన్నదానికి నాలుగింతలు, ఐదింతలు వెలుగు చూపిస్తూ. పైగా ఒక వింత: మరీ అంచున ఉన్నవి కాస్త నయం, లోపలికి ఉన్నవి మరీ ఘోరం, ఎట్నుంచి చూసినా అర్థం లేదు. అంచు పద్ధతి తప్పని తేల్చి నలుగురూ తలలూపారు. మేడమ్ వాదించలేదు. మళ్లీ కొలిచి చూడనూ లేదు. యాభై రెండేళ్లకే బల్ల దీపం ఆర్పేసి గ్రంథాలయం విభాగానికి మార్పించుకుని, పదవీ విరమణ దాకా పుస్తకాల వెనక నంబర్లు అంటించింది. పోయిన వారం అతుకులమ్మే ఫోన్ చేసి, "మేడమ్, అంచువి తీసెయ్యాల్సి వస్తోందండీ" అని చెబితే, "తీసెయ్యమ్మా, పట్టిక శుభ్రంగా ఉండాలి. అప్పటికే నా చెయ్యి వణికేదేమో, నాకే తెలిసుండదు" అంది, ఇంటి ముందు చెత్త తీసెయ్యమన్నంత మామూలుగా. ఆ మామూలుతనమే వారం రోజులుగా నిద్ర పట్టనివ్వడం లేదు. నాలుగు వందల పన్నెండింటిలో మూడు వందల పైచిలుకు గెలాక్సీల వెలుగు ఇంకెవరూ కొలవలేదు. ఒక పెద్ద నక్షత్రం జిలుగు అడ్డమని కొత్త సర్వేలు ఆ మేర వదిలేశాయి. రెడ్‌షిఫ్టులు మాత్రం ఉన్నాయి, వాటి పక్కన కూర్చోవడానికి ఈ అంకెలు తప్ప వేరే దిక్కు లేదు. ఐదు దాటితే అవి పోతాయి. తాళం పడ్డాక పదేళ్లపాటు లోకమంతా ఆ పట్టికనే వాడుతుంది, ఆ పక్కన ఒక వాక్యం ఉంటుంది, అంచు కొలతలు నమ్మదగినవి కావు గనక తొలగించాము అని, ఆ వాక్యం రాసింది కూడా తనే.

మూడో విడత చుక్కలు. ఇప్పుడు కళ్లు తెరవచ్చట. తెరిస్తే హాలంతా పాలలో ముంచినట్టుంది, ట్యూబులైటు చుట్టూ పెద్ద గుడి కట్టింది, ఎదురు గోడ మీద అక్షరాల పలక బూడిదరంగు మరక. చెయ్యి చాపితే చేతి గీతలు కనబడవు. వదిన ముఖం మాత్రం ఎట్లాగో గుర్తుపట్టవచ్చు, నములుతోంది గనక. సంచిలో రెండో నోటు పుస్తకం నకలు కాగితాలున్నాయి, చివరిసారిగా చూద్దామని తెచ్చుకున్నవి. ఆరేళ్లలో ఆ కాగితాలను తెరమీద టైపు చేసిన అంకెలతో ఎన్నిసార్లు పోల్చిందో లెక్కలేదు. ప్రతిసారీ సరిపోయాయి. తప్పు ఎక్కడుంది మరి, నిజంగానే చెయ్యి వణికిందా? జ్వరం వస్తే నమ్మొద్దని రాసిన మనిషికి చెయ్యి వణికితే తెలియదా?

"ఏంటమ్మాయ్, అట్లా ఒళ్లో కాగితాలు పెట్టుకుని గుడ్లప్పగించి చూస్తున్నావు? కనపడుతున్నాయా?"

"లేదు వదినా. మీరు కాస్త చదివి పెడతారా? ఊరికే. వింటాను."

"ఊరికే వినడానికి ఇదేమన్నా కథా? ఇటివ్వు." కాగితాల గరగర. కళ్లజోడు పెట్టె టప్పుమన్న చప్పుడు. "అబ్బ, ఎంత ముద్దుగా రాసిందే ఈవిడ! నా దగ్గర చదివిన వెధవల్లో ఒక్కడన్నా ఇట్లా రాసుంటే నా జన్మ తరించేది. సరే, విను. బార్ వన్ పాయింట్ ఎయిట్ సెవెన్. బార్ వన్ పాయింట్ నైన్ టూ. బార్ వన్ పాయింట్…"

"ఏమన్నారు?"

"నైన్ టూ."

"కాదు, ముందు. అంకె ముందు ఏమన్నారు?"

"బార్. బార్ వన్. ఒకటి నెత్తిన గీత ఉంది కదా, ఏం, అది కూడా చెరిగిపోయిందా నీ కళ్లకి? లాగరిథం పుస్తకాల కాలంలో మేమంతా ఇట్లానే రాసేవాళ్లం. మైనస్ ఒకటికే, చుక్క తర్వాతది ప్లస్. అడ్డంగా కూడుకోవాలంటే అదే సుఖం. మీకు క్యాలిక్యులేటర్లు వచ్చాయి, బుర్రలు పోయాయి."

చుక్క తర్వాతది ప్లస్. మైనస్ ఒకటి, దానికి సున్నా పాయింట్ ఎనభై ఏడు కలిపితే మైనస్ సున్నా పాయింట్ పదమూడు. పదమూడు! ఫలకం అంచున పోయే వెలుగు అంతే ఉంటుంది, అంతే ఉండాలి. కంప్యూటర్లో ఉన్నది మైనస్ ఒకటి పాయింట్ ఎనభై ఏడు. ఒకటి పాయింట్ డెబ్భై నాలుగు తేడా, ఆ తలకిందుల కొలతలో అంటే ఐదింతల వెలుగు. ఇక మరీ అంచున ఉన్నవి, అక్కడ సవరణ పెద్దది, చుక్క తర్వాతి అంకె చిన్నది, అందుకని తప్పు కొంచెం తక్కువ. లోపలివాటికి సవరణ చిన్నది, చుక్క తర్వాతి అంకె పెద్దది, తప్పు ఎక్కువ. వింతా లేదు, విడ్డూరమూ లేదు. ఇరవై మూడేళ్లు అందరినీ ఏడిపించిన చిక్కుముడి ఒక్క గీత. ఆ గీత తనకు తెలుసు, బాగా తెలుసు. కళ్ల ముందు ఏమీ కనపడని ఈ క్షణంలో స్పష్టంగా కనిపిస్తోంది, ఒకటి నెత్తి మీద సన్నగా, కొంచెం కుడివైపు లేచి. మైనస్ గుర్తు పైకి జరిగిందనుకుంది. తొందరలో రాసి ఉంటారనుకుంది. తొందర! ఒక్క గెలాక్సీని మూడు రోజులు కొలిచిన మనిషికి తొందర అంటగట్టింది, పంతొమ్మిదేళ్ల పిల్ల. "తెలియకపోతే అడుగు, సిగ్గుపడకు" అని మేడమ్ మొదటి రోజే చెప్పింది. అడిగితే ఇంతేనా దీని తెలివి అనుకుంటారేమోనని అడగలేదు. ఆ తర్వాత పోల్చిన ప్రతిసారీ తను టైపు కొట్టిందే తనకు కనపడింది. ఏడుపు వచ్చింది, కళ్లలో అప్పటికే మందు ఉండడం వల్ల ఏది ఏదో తెలియలేదు.

"ఏమైందే? మంటగా ఉందా? నర్సుని పిలవనా?"

"వదినా, టైమెంత?"

"నాలుగూ పది."

"నా ఫోన్ తీసి తాళాలవాడికి కలపండి. అట్లానే ఉంటుంది పేరు."

తాళాలవాడంటే పట్టికను మూసే బాధ్యత ఉన్న సహోద్యోగి, ఆమెకన్నా పదేళ్లు చిన్న, మనసు వెన్న, గడియారం విషయంలో మాత్రం రాయి. విన్నాడు. రెండుసార్లు చెప్పించుకున్నాడు. "అక్కా, ఐదింటికి మూసేస్తాను, నీకోసమైనా ఆపను, ఆ సంగతి నీకు తెలుసు. ఈలోగా మాత్రం చేసి చూస్తాను. మార్పుకి కారణం కాలమ్‌లో ఏం రాయాలి? ఎక్కించినప్పుడు దొర్లిన తప్పు, అంతేగా? ఎవరు ఎక్కించారో రికార్డుందా?"

రికార్డు లేదు. సెలవుల్లో వచ్చిన పిల్ల పేరు ఎవరు రాసుకుంటారు. లేదని అంటే సరిపోతుంది, అబద్ధం కూడా కాదు. అడుసు తొక్కింది ఎవరూ చూడలేదు, కాలు కడుక్కుని పోవచ్చు. కానీ మేడమ్ పుస్తకాల్లో కొట్టేసింది కూడా కనపడాలి, ఒక్క గీత, పక్కన సరైన అంకె.

"నేనే," అంది. "నా పేరు రాయి."

అవతల కీబోర్డు చప్పుడు మొదలైంది. ఇక ఎదురుచూడడమే. నర్సు వచ్చి కళ్లలోకి టార్చి వేసి, "బాగా విచ్చుకున్నాయి, ఇంకో ఇద్దరి తర్వాత మీరే" అని పోయింది. వదిన బిస్కెట్లు పక్కన పెట్టి, మరదలి అరచేతిని తన ఒళ్లోకి తీసుకుని నిమురుతూ కూర్చుంది. తప్పు చేసిన పిల్ల ముఖం ముప్పై ఏళ్లు చూసిన మనిషికి చెప్పనక్కర్లేదు. అతుకులమ్మ ఆలోచన మాత్రం తన తప్పు మీద ఎంతోసేపు నిలవలేదు, అది నిలిచే చోటే కాదు, మళ్లీ ఆ బల్ల దగ్గరికే పోయింది. అడ్డంగా కూడుకోవడం సుఖమట! అంటే మేడమ్ ఆ లెక్కలన్నీ చేత్తోనే కూడింది, నాలుగు వందల పన్నెండు వరసలు, ఒక్కొక్కటీ మూడుసార్లు, ఏ యంత్రమూ పక్కన లేకుండా. ఆ అంచు పద్ధతి ఒప్పే అయితే ఆవిడ దాన్ని ఒక్కతే కనిపెట్టింది, ఒక్కతే నెగ్గింది, నెగ్గిన సంగతి తెలియకుండానే లేచి వెళ్లిపోయింది. అందరూ తప్పంటే ఒప్పుకుంది, ఎందుకంటే తనను తాను కూడా అట్ట కప్పి చూడడం అలవాటైన మనిషి. అంత నిజాయితీని వాడుకుని లోకం ఎంత పని చేసింది. లోకం ఏంటి, తను.

నాలుగూ నలభైకి ఫోన్ మోగింది. వదిన చెవి దగ్గర పెట్టింది.

"అక్కా, కూర్చునే ఉన్నావా? మనకు రెండో కొలత ఉన్నవి డెబ్భై కదా. సవరించి పోల్చాను. తేడా సున్నా పాయింట్ సున్నా తొమ్మిది. మళ్లీ చేశాను, అదే. ఫలకాల మీద, చేత్తో, అంచుల్లో! నడిమివాటితో సమానంగా ఉన్నాయి. నాలుగు వందల పన్నెండూ లోపల పెడుతున్నాను, ఆ తొలగించాము అన్న వాక్యం కొట్టేశాను. ఎవరక్కా ఈవిడ? నేను ఎప్పుడైనా చూడొచ్చా?"

చూడొచ్చు, అంది, ఇంకేమందో గుర్తులేదు. నర్సు ఆమె వంతు పిలిచింది. వదిన లేచి నిలబడి, "ఒక్క నిమిషం తల్లీ, వెనకవాళ్లని పంపు, మాకు పనుంది" అంది, బడిలో గంట కొట్టించే గొంతుతో. నర్సు వెనకవాళ్లని పిలిచింది. ఎవరికి చెయ్యాలో వదినకు చెప్పనక్కర్లేకపోయింది.

నాలుగుసార్లు మోగాక మేడమ్ ఎత్తింది. అతుకులమ్మ సుత్తి లేకుండా చెప్పింది, బార్ అని, మైనస్ అనుకున్నానని, రెండో పుస్తకం కంప్యూటర్లోకి ఎక్కించింది తానేనని, అడగడానికి సిగ్గుపడ్డానని, కాలమ్‌లో తన పేరే రాయించానని, నాలుగు వందల పన్నెండూ పట్టికలో ఉంటాయని.

"ఇరవై మూడేళ్లమ్మా," అంది మేడమ్.

"అవునండీ."

ఎదురు గోడ మీది మసక మరకను చూస్తూ కూర్చుంది, తిట్టినా బాగుండును అనుకుంటూ.

"అయితే," అంది మేడమ్ మెల్లగా, "నా చెయ్యి బాగానే ఉందన్నమాట."

"బాగుందండీ. చాలా బాగుంది."

"ఎంతన్నావు తేడా?"

"సున్నా పాయింట్ సున్నా తొమ్మిది."

"ఇంకోసారి చెప్పు."

"సున్నా పాయింట్ సున్నా తొమ్మిదండీ."

"ఉండు, రాసుకుంటాను. ఇంకోసారి చెప్పమ్మా, నెమ్మదిగా."